బాటనీ సారు చెప్పిన మిగతా సగం

నాగర్‌కర్నూల్‌లో మాకు ఇంటర్‌లో బాటనీ చెప్పిన సారు పోయిన ఆదివారం కన్నుమూశారు. ఛాతీలో నెమ్ము చేరి మంచాన పడ్డారనీ, మందులకు తగ్గుతోందనీ విన్నాను. తగ్గాక తీరిగ్గా వెళ్దామనుకుని ఊరుకున్నాను. నా బుద్ధికి అది కొత్త కాదు. ఫోన్ చేసి చెప్పిన నా క్లాస్‌మేట్ ఏడుస్తూనే, "గంట కొట్టినా ఇడిసిపెట్టని సారు గిట్లెట్ల పోయిండే" అంది.

నిజమే, గంట మోగినా సారు వదిలేవారు కాదు. చాక్‌పీసు పట్టుకుని గుమ్మానికి అడ్డంగా నిలబడి, "అయింది సగమే. మిగతా సగం ఇనేదాక ఇంట్ల చెప్పకుండ్రి" అనేవారు. బస్సు పోతుందని మేం గొణుక్కునేవాళ్లం. ఆయనకా అలవాటు పట్టించింది ఎవరో మీకు చెప్పాలి. నేనూ, మా బర్రె.

మాది తెలకపల్లి దగ్గర పల్లె. ఒకరోజు సారు బీటీ పత్తి పాఠం చెబుతున్నారు. మొక్కలో కొత్త జన్యువు పెట్టేటప్పుడు, దాంతోపాటు యాంటీబయాటిక్ మందును తట్టుకునే జన్యువును కూడా గుర్తుగా పెట్టారట. ఆ మందులో వేసినా బతికిన కణాలకే కొత్త జన్యువు అందిందని తెలుస్తుంది. పని అయిపోయినా ఆ గుర్తు మొక్కలోనే ఉండిపోతుంది. "మరి అది పశువుల కడుపుల ఉన్న క్రిములకు చేరితే? మందులు పనిచెయ్యకుంటయా? ఇదీ ప్రశ్న" అన్నారు. అప్పుడే గంట మోగింది. అప్పటికింకా మమ్మల్ని ఆపే అలవాటు ఆయనకు లేదు.

నాకు ప్రశ్న చాలు, జవాబుతో పనేముంది! అప్పటికి మా బర్రెకు పొదుగు వాచి, పశువుల డాక్టరు ఐదు రోజులు సూదులు వేయించమన్నాడు. రెండు పడ్డాయి. అది రోజూ తినేది పత్తి గింజల చెక్క. "దీనికి ఇంక ఏ మందు పనిచెయ్యది, సార్ చెప్పిండు" అని అమ్మకు ఢంకా బజాయించి చెప్పాను. మా ఇంట్లో కాలేజీ మెట్లెక్కింది నేనొక్కదాన్నే. అమ్మ నమ్మింది. మూడో సూది వేయడానికి వచ్చినాయన్ని వాకిట్లోంచే తిప్పి పంపింది.

తర్వాత రెండు రోజులు సెలవు. మూడో రోజు క్లాసులో ఈ ఘనకార్యం గొప్పగా చెప్పాను. సారు మొహం పాలిపోయింది. సాయంత్రం నాతోపాటే బస్సెక్కి మా ఊరొచ్చారు.

బర్రె పక్కన నిలబడి డాక్టరు రాసిన చీటీ అడిగి చదివారు. "అక్కా, పత్తిల ఉన్న గుర్తు ఒక్క తీరు మందునే ఆపుతది. గీ చీటీల రాసింది వేరే మందు. రెండిటికి సంబంధం లేదు."

"చెక్క తింటే కడుపులకు పోతదంట గద సారూ?"

"పోతది, అరుగుతది. చెట్టులకెల్లి ఆ గుర్తు క్రిములకు దుంకుడు శాన అరుదు. దుంకినా, గా మందుకు లొంగని క్రిములు మన మట్టిల, పెండల ముందునుంచే ఉన్నయి. అందుకే పెద్ద ముప్పు గాదని పరీక్ష చేసినోళ్లు అంటరు. అసలుకే లేదని నేననను. కానీ సూదులు నడుమ ఇడిస్తే, సావకుండ మిగిలిన క్రిములు మొండికేస్తయి. అది కండ్లముందటి ముప్పు."

అమ్మ ఊరుకునే మనిషి కాదు. "గీ ముచ్చట మొన్ననే చెప్తే నా బర్రెకు గీ తిప్పలెందుకు సారూ?"

సారు తల వంచుకున్నారు. "నాదే తప్పక్కా. సగం చెప్పి పంపిన."

డాక్టరును పిలిపించి సూదులు మళ్లీ మొదలుపెట్టించారు. బర్రె బతికింది గానీ ఒక చన్ను శాశ్వతంగా ఎండిపోయింది. ఆ పాపం నాది, ఈ రోజుకీ నాదే. సారు మాత్రం ప్రతి కొత్త బ్యాచ్‌కూ ఈ కథను తన తప్పుగానే చెప్పేవారని చాలా ఏళ్లకు తెలిసింది. నా పేరు ఒక్కసారీ ఎత్తలేదట. నేను కనిపిస్తే ముందు, "మూడు చన్ల బర్రె మంచిగున్నదా?" అని అడిగేవారు. ఆయన గద్వాలలో చీరెలు నేసే ఇంట్లో పుట్టిన మనిషి. సగం నేసిన చీరెను మగ్గం మీంచి కొయ్యరు, పాఠమూ అంతే అనేవారు.

ఇప్పుడు వనపర్తిలో నేనూ బాటనీ చెబుతున్నాను. గంట మోగాక గుమ్మానికి నేనూ అడ్డం నిలబడతాను. మా పిల్లలూ బస్సు పోతుందని గొణుగుతారు.

కబురు విని సారు ఇంటికి వెళ్లాను. సారు భార్య నా చెయ్యి పట్టుకుని ఆయన మంచం దగ్గరికి తీసుకెళ్లారు. "తగ్గింది గదా, ఇంక గోలీలెందుకంటే ఇనకపాయె. మూడు చన్ల బర్రె ముచ్చట చెప్పుకుంట, యాళ్లకు యాదిజేసుకొని మింగిండు. ఐతారం నిద్రలనే పాయె బిడ్డా" అన్నారు.

కిటికీ గట్టు మీద గోలీల పట్టీ ఉంది. రేకు చినిగిన ఖాళీ గుంటల చివర, ఇంకా రెండు గోలీలు మిగిలి ఉన్నాయి.