మామ్మ మెడ మీద అమ్మవారు

నా చిన్నప్పుడు, మామ్మకి అమ్మవారు పోసిందన్న కబురు నాకు ముందుగా చెప్పింది మా అత్త. గుమ్మానికి వేపమండలు గుచ్చుతూ, గొంతు తగ్గించి, "ఒసే, సెప్పులేసుకుని లోపలికెల్లకు. మామ్మకి అమ్మోరు పోసినాది" అంది.

మాది శ్రీకాకుళం జిల్లాలో సముద్రం ఒడ్డు పల్లె. నిప్పున్న కొసని నోట్లోపల పెట్టుకుని చుట్ట కాల్చడం మా వైపు ఆడవాళ్ళకి అలవాటు. మామ్మా అంతే. అంగిట్లో పుండు లేచింది, క్యాన్సర్ అన్నారు. విశాఖపట్నం ఆసుపత్రిలో కరెంటు పెట్టడం మొదలుపెట్టారు. రేడియేషన్‌ని మేమంతా కరెంటు అనే అనేవాళ్ళం. వారమంతా అక్కడ చుట్టాలింట్లో ఉండి, శనివారం ఇంటికి వచ్చేది.

నేను బడికి వెళ్ళలేదు. అమ్మే ఇంట్లో చదువు చెప్పేది. అందుకని మామ్మ ఉన్నంతసేపూ ఆమె పక్కనే ఉండేదాన్ని. ముందు రుచి పోయింది. తరవాత ఉమ్మి ఎండిపోయింది. నోరు నీళ్ళతో తడుపుకుంటే గాని మాట వచ్చేది కాదు. నోరంతా పుళ్ళు. గంజి చుక్క దిగితే కళ్ళమ్మట నీళ్ళు కారేవి. ఒక శనివారం వచ్చేసరికి మెడ కమిలి, నల్లబడి, పొక్కులెక్కింది. ఆ పొక్కుల్నే మావాళ్ళు అమ్మవారు అనుకున్నారు.

అమ్మవారు ఇంట్లో ఉండగా మనిషి గడప దాటకూడదు, మందు మింగకూడదు. సోమవారం మామ్మని రైలెక్కించలేదు. ఆ మరుసటి వారమూ అంతే. డాక్టరుకి ఫోన్ చేద్దామని అమ్మ అంటే, "అమ్మోరింట్లో ఉండగా ఆసుపత్రేటి? ఆయమ్మకి కోపమొస్తే మనమేటైపోతాం?" అన్నాడు పెదనాన్న. ఆయన చెడ్డవాడు కాదు. చిన్నతనంలో తమ్ముణ్ణి అలాంటి పొక్కులకే పోగొట్టుకున్నాడు.

వేపాకు, పసుపు నూరి మామ్మ మెడకి పూశారు. పైన పసుపు, కింద చీము. ఇప్పటికీ పచ్చి వేపాకు నలిగితే ఆ గది వాసన వచ్చినట్టై చెయ్యి కడిగేసుకుంటాను. మామ్మ గోడ వైపు తిరిగి పడుకునేది. మూలుగు కూడా సరిగ్గా పెగిలేది కాదు. ఎండిన నోట్లో నాలుక విడిపడే చప్పుడు మాత్రం వినబడేది.

చివరికి అమ్మే వెళ్ళి, అమ్మవారి గుడిలో దీపం పెట్టే ముసలమ్మని పిలుచుకొచ్చింది. ఆవిడ మాటంటే ఊరంతటికీ గురి. మామ్మ పక్కన కూర్చుని, తడిగుడ్డతో పసుపు మెల్లగా తుడిచింది. కాలిన చోటు మెడ మీద గీత గీసినట్టు ఠక్కున ఆగిపోయింది. అవతల తోలు మామూలుగానే ఉంది. ఆవిడ నా చెయ్యి పట్టుకుని, తగలకుండా ఆ గీత వెంట నా వేలు నడిపించింది. బయటికొచ్చి పెదనాన్నతో, "అమ్మోరికి మీ ఇంటి మర్యాద సాలినాది. ఈయేలే సాగనంపేద్దాం" అంది.

"ఓలమ్మో, ఇంకా దినాలవ్వనేదు గదా!" అంది అత్త.

"దినాలు నువ్వు లెక్కెడతావేటే? ఆయమ్మ నీకు సెప్పిందా, నాకు సెప్పిందా?" అని కసిరింది ముసలమ్మ.

కడవలో పసుపునీళ్ళు, వేపమండలు పెట్టుకుని ఊరి చివరికి నడిచింది. వెనకాల నేను. అక్కడ నీళ్ళు పారబోసి, నా చెవిలో చెప్పింది. "అమ్మోరు గీత గీసుకుని వస్తాదేటే, పిచ్చితల్లీ? అది కరెంటు కాల్పు. మనం సాగనంపింది మీ పెదనాన్న బయాన్ని." తరవాత అక్కడే నిలబడి, అమ్మవారి పేరు వాడుకున్నందుకు తప్పు కాయమని ఆ తల్లికి చాలాసేపు దండం పెట్టింది.

రాష్ట్రం రెండవుతుందని బస్సులు ఆగిపోతున్న రోజులవి. మర్నాడు పెదనాన్నే మామ్మని ఆటోలో ఆమదాలవలస తీసుకెళ్ళి రైలెక్కించాడు. ఆసుపత్రిలో చీము కడిగారు. ముక్కులోంచి గొట్టం వేసి పాలు, గంజి పోశారు. పుండు కాస్త ఆరాక మిగిలిన కరెంటు పెట్టారు. తోలు కాలుతుందనీ, కాలితే వెంటనే రావాలనీ, ఏదీ పూయొద్దనీ డాక్టరు మొదటే చెప్పారట. మావాళ్ళు విన్నారు కూడా. పొక్కులు చూడగానే ఆ మాటలన్నీ ఎగిరిపోయాయి.

మామ్మ మరికొన్నేళ్ళు బతికింది. ఉమ్మి మళ్ళీ ఊరలేదు. చివరికి జబ్బు అదే చోట మళ్ళీ లేచింది. మధ్యలో ఆగిపోయిన ఆ రోజుల వల్లేనా అని అమ్మ అడిగితే, చెప్పలేమమ్మా అన్నారు డాక్టరు. ఆ మాట నన్ను వదలదు. పూజలో కళ్ళు మూసుకుంటే, గోడ వైపు తిరిగిన మామ్మ వీపు కనబడుతుంది.

అయినా ఆ కొన్నేళ్ళు మాకు దక్కాయి. దక్కించిన దేవుడికి రోజూ దండం పెట్టుకుంటాను. ఇప్పుడు ఎవరింట్లోనైనా జబ్బు చేస్తే, భయపడిన మనిషితో నేను వాదించను. ముందు ఆ భయాన్ని మర్యాదగా గడప దాటిస్తాను, ఆ వెంటే జబ్బు మనిషిని ఆసుపత్రికి బయల్దేరదీస్తాను. అది ఆ ముసలమ్మ దగ్గర నేర్చుకున్నదే. ఆవిడకి పిల్లల్లేరు, ఏటేటా తలుచుకునేవాళ్ళూ లేరు. ఇది చదివిన తల్లులారా, మీరు దండం పెట్టుకునేటప్పుడు ఆవిడని ఒక్కసారి తలుచుకోండి.