కర్రిదాని చెవి

పోయిన వారం కర్నూలులో కొన్న లెన్సు నా బల్ల మీద ఉంది. ఎవరో వాడి అమ్ముకున్నది. ఆ మనిషి దాన్ని ఇన్నాళ్లూ ఒక కంబళి ముక్కలో చుట్టి పెట్టుకున్నట్టున్నాడు, దుకాణంలో ఆ ముక్కతో సహా ఇచ్చారు. విప్పిన ప్రతిసారీ ఉన్ని వాసన, దుమ్ము వాసన, ఎండలో నిలబడ్డ గొర్రె వీపు మీద చెయ్యి వేస్తే అరచేతికి అంటుకునే ఆ జిడ్డు వాసన గుప్పుమంటుంది. ఆ వాసనకు నాకు మా నాయన గుర్తొచ్చి కళ్లు చెమర్చాలి. చెమర్చవు. కోపం వస్తుంది.

కల్లూరులో బడిపిల్లలకు లెక్కలు చెప్పుకునే నాకు యాభై దాటాక ఫోటోల పిచ్చి పట్టింది. తోటి టీచరొకామె తన పాత కెమెరా ఇచ్చేసింది, దానికి లెన్సు మాత్రం నేనే కొనుక్కోవాలి. ఇరవై వేలకు మించి పెట్టలేనని ముందే చెప్పి దుకాణంలో కూర్చున్నాను. జూమ్ లెన్సు మీద రెండు అంకెలు ఉంటాయి. చిన్న అంకె దగ్గర ఉంచితే చుట్టుపక్కల ఉన్నదంతా బొమ్మలోకి వస్తుంది. పెద్ద అంకె దాకా తిప్పితే దూరాన ఉన్నది దగ్గరికి వచ్చి, పక్కనున్నవన్నీ బయటికి పోతాయి. యూట్యూబులో చెప్పేవాళ్లూ అమ్మేవాళ్లూ అందరూ పెద్ద అంకె గురించే ఊదరగొడతారు. దుకాణంలో అతను కూడా మూడు వందల అంకె ఉన్నదాన్ని నా చేతిలో పెట్టి, రోడ్డుకు అవతల కరెంటు తీగ మీది కాకిని చూడమన్నాడు.

"సూడండి మేడమ్, కాకి యాడుండాదో, మీ కంటికి యాడికొచ్చిందో! ఎనకుండేదంతా ఎన్న మాదిరి కరిగిపోతాది. పిట్టొక్కటే నిలుస్తాది."

పాపం అతను మంచిగానే చెప్పాడు. ఆ మాటకు నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. చుట్టూ ఉండేది కరిగిపోవడమంటే ఏమిటో నాకు పదేళ్ల వయసు నుంచీ తెలుసు. అలా కరిగిపోయినవాడు మా నాయన.

నందికొట్కూరు దాటి పోతే మా ఊరు, ఊరు దాటితే గడ్డిబీళ్లు. కాగితాల్లో వాటిని బంజరు అని రాసుకున్నారు. రాసినవాళ్లు ఒక్క వానాకాలమైనా అక్కడ నిలబడి ఉంటే ఆ మాట రాయడానికి చెయ్యి వచ్చేది కాదు. తొలకరి పడిన వారానికే నేలంతా పచ్చటి నూగు పట్టి, రెండు వానలకు చెంగలి గడ్డి మోకాలెత్తు లేచి, చలికాలానికి ఎర్రబారి, గాలి వీస్తే బీడుకు బీడే ఒక పక్కకు వాలి లేచేది. రేగుపొదల కింద కౌజు పిట్టలు పరుగులు తీసేవి. మేం పిల్లలం గొర్రెల వెంట నడుస్తూ ఒడినిండా రేగ్గాయలు ఏరుకుని, గచ్చకాయలాడుకుని, ఎండ నడినెత్తికొచ్చాక సద్దిమూట విప్పేవాళ్లం. మామూలు రోజుల్లో జొన్నరొట్టె, ఊరిబిండి పచ్చడి. ఉగాది మర్నాడైతే ముందురోజు మిగిలిన ఓళిగలు, అవే బొబ్బట్లు, అమ్మ గుడ్డలో చుట్టి ఇచ్చేది, అవి ఆ ఎండకే మళ్లీ మెత్తబడి బెల్లం వాసన కొట్టేవి. ఏది తిన్నా నాయన మొదటి తునక మాకు పెట్టేవాడు కాదు, కర్రిదానికి పెట్టేవాడు. కర్రిది మా మందను నడిపించే గొర్రె. నిగనిగలాడే నలుపు మందలో దానిదొక్కటే. పిల్లగా ఉన్నప్పుడు కంపకు తగులుకుని దాని ఎడమ చెవి కొస రెండుగా చీలింది.

ఆ బీళ్లలో బట్టమేక పిట్ట ఉండేది. మనిషి నడుమెత్తు పిట్ట. పొడుగాటి తెల్లటి మెడ, నెత్తిన నల్లటి ఈకలు, పెండ్లికి వచ్చిన పెద్దమనిషిలా తొందర లేని నడక. వానాకాలం పొద్దున్నే పోతుపిట్ట గొంతు ఉబ్బించి కూస్తే ఎవరో ఖాళీ కడవలో నోరు పెట్టి పిలిచినట్టు బీడంతా వినపడేది. మనిషిని చూస్తే ఆమడ దూరం పారిపోయే ఆ పిట్ట మందను చూసి భయపడేది కాదు. గొర్రెలు నడిస్తే గడ్డిలోంచి మిడతలు లేచేవి, అది ఏరుకుని తినేది. గొర్రెలు మేసి పొట్టిగా చేసిన చోటే దానికి గుడ్డు పెట్టుకోవడానికి నేల దొరికేది, నక్క వస్తే దూరం నుంచే కనపడేది. ఇదంతా మా నాయన ఏ పుస్తకంలోనూ చదవలేదు. ఆయనకు చదువే రాదు.

పిట్ట దగ్గరికి పోవడానికి నాయనకు ఒక పద్ధతి ఉండేది. సూటిగా నడవకూడదు. దానివైపు చూడకూడదు. కంబళి కప్పుకుని, వంగి, గొర్రెల మధ్యన గొర్రెలాగే ఇటు నాలుగడుగులు అటు రెండడుగులు పోవాలి. మేం దీన్ని ఆట చేసుకున్నాం. ఒకరు పిట్ట అయి నిలబడితే మిగిలినవాళ్లం మేస్తున్నట్టు నటిస్తూ దగ్గరికి పోవాలి, పిట్ట కళ్లలోకి చూసినవాళ్లు ఓడిపోయినట్టు. మా ఊళ్లో తప్ప ఈ ఆట ఎక్కడా ఉండి ఉండదు.

నాకు పదేళ్లప్పుడు ఒక ఫోటోల సారు జీపులో వచ్చాడు. నీడలో కూడా తీయని టోపీ ఉండేది కాబట్టి మాకు ఆయన టోపీ సారు. చేతిలో మోచెయ్యంత లెన్సు. వారం రోజులు పిట్ట వెంట సూటిగా పోయాడు, పోయిన ప్రతిసారీ అది లేచిపోయింది. చివరికి మా నాయన దగ్గరికొచ్చి దిగాలుగా కూర్చున్నాడు.

"సూటిగా పోవాకు సార్," అన్నాడు నాయన. "సూటిగా వొచ్చేటోడు దొంగ అనుకుంటాది. దానికి మనం గొర్రెల మాదిరి కనపడల్ల."

తన కంబళి తీసి ఆయనకు కప్పాడు. టోపీ తీయించాడు. మందను మెల్లగా తోలుతూ, పొద్దు బారెడెక్కినప్పుడు మొదలుపెట్టి మధ్యాహ్నానికి పిట్టకు ఇరవై అడుగుల దూరం దాకా తీసుకుపోయాడు. పిట్టకు ఒక పక్క కర్రిది మేస్తోంది, ఇంకో పక్క నాయన కట్టె పట్టుకుని కూర్చున్నాడు, నడుమ పిట్ట మిడతలు ఏరుకుంటోంది. టోపీ సారు టకటకా నొక్కాడు. వెనక నక్కిన నన్ను పిలిచి, కెమెరాలో చూడమన్నాడు. చూశాను. పిట్ట కంటిరెప్ప కూడా కనపడింది. నేను నాయన కోసం వెతికాను.

"నాయన యాడ సార్?"

"మీ నాయన ఇందులోకి రాడమ్మా," అని నవ్వాడు. ఫోటో పంపిస్తానన్నాడు. పంపలేదు.

ఫోటో రాలేదు కానీ, ఏడాదికి అదే ఫోటో బోర్డుగా వచ్చింది. అటవీ శాఖ వాళ్లు బీడు చుట్టూ కందకం తవ్వి, రోడ్డు పక్కన ఇనప స్తంభాల మీద పెద్ద రేకు నిలబెట్టారు. రేకు మీద గడ్డిలో ఒంటరిగా మా పిట్ట. కింద అక్షరాలు నేనే నాయనకు చదివి వినిపించాను: ఇది అరుదైన పక్షి నివాసం, పశువులను మేపరాదు. నాయన అక్షరాలను పట్టించుకోలేదు. బొమ్మ దగ్గరికి పోయి, కింద ఎడమ మూల మీద వేలు పెట్టాడు. గడ్డిలో నల్లగా, మసగ్గా ఒక ముక్క. కొస రెండుగా చీలి ఉంది.

"పాపా, ఇది మన కర్రిదాని చెవి గదే."

చెవే. లెన్సు మందను మింగింది, మా నాయనను మింగింది, ఆ చెవి ఒక్కటి ఎలాగో అంచున మిగిలిపోయింది. మా నాయన అమాయకుడు. ఆ చెవి చూపిస్తే చాలు, సంగతి తేలిపోతుందనుకున్నాడు. ఆఫీసరు వచ్చిన రోజున కర్రిదాన్ని తాడు కట్టి బోర్డు దగ్గరికి తీసుకొచ్చాడు. దాని ఎడమ చెవి పట్టుకుని బొమ్మలోని చెవి పక్కన ఆనించాడు.

"సూడు సార్, రొండూ ఒగటే. మంద ఉంటేనే ఆ పిట్ట ఉంటాది. గొర్రెలు పోతే గడ్డి శానా లేస్తాది, అది ఈడ నిలబడదు."

"ఏమప్పా, గొర్రెను సాక్ష్యానికి తెచ్చినావా?" అన్నాడు ఆఫీసరు. జీపులో ఉన్నవాళ్లు విరగబడి నవ్వారు. నిషేధమున్న చోటికి గొర్రెను తెచ్చినందుకు నాయనకు జరిమానా వేశారు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ వినపడుతుంది. సాక్ష్యం ఎదురుగా నిలబడి నెమరేస్తుంటే నవ్వినవాళ్లను నేను క్షమించలేదు, క్షమించను.

ఆ ఏడే నాయన మందను అమ్మేశాడు. మేసేవి లేక గడ్డి మనిషెత్తు పెరిగింది. మూడు నాలుగేళ్లకు పిట్ట కనపడడం తగ్గింది, తర్వాత కూత ఆగిపోయింది. చుట్టుపక్కల బీళ్లు మడులయ్యాయి, బోర్లు పడ్డాయి, కంచెలు వచ్చాయి. అంతా అయ్యాక ఆఫీసర్లు తేల్చిందేమంటే, కాపరుల వల్లే పిట్ట పోయిందట. బడిలో పరీక్షకు ఆ ప్రశ్న వస్తే నేను కూడా 'పశువుల మేత వలన' అని రాశాను. అయిదుకు అయిదు మార్కులు వచ్చాయి. మార్కుల కాగితం ఇంటికి తెచ్చి, ఏ ప్రశ్నకు వచ్చాయో మాత్రం నాయనకు చెప్పలేదు. నా కోపంలో సగం నా మీదే.

అందుకే ఆ రోజు దుకాణంలో మూడు వందల లెన్సు వెనక్కి ఇచ్చేశాను. "చిన్న అంకె ఎంత వరకు తగ్గుతుందో చూపించు," అన్నాను. అతను వింతగా చూసి, బీరువా అడుగు నుంచి ఈ పాతది తీశాడు. పద్దెనిమిది నుంచి నూట ముప్పై అయిదు దాకా. టార్చి వేసి అద్దం లోపల బూజు లేదని చూపించాడు, తిప్పే పట్టీ బిగువుగానే ఉందన్నాడు. "దీనితో పిట్టలు బాగ రావు మేడమ్," అని హెచ్చరించాడు కూడా. పిట్ట ఎలాగూ లేదులే, అనుకుని కొన్నాను.

మొన్న ఆదివారం దాన్ని తీసుకుని బోర్డు దగ్గరికి పోయాను. ఎండకు వెలిసినప్పుడల్లా అదే బొమ్మతో కొత్తది పెడుతూ వచ్చారు, పిట్ట లేకపోయినా బోర్డుకు మాత్రం లోటు లేదు. ఇప్పుడున్నది రంగులు మెరిసే ఫ్లెక్సీ. నాయన పోయి పన్నెండేళ్లు. ఆయన మాటకు మిగిలిన ఒక్క సాక్ష్యాన్ని బొమ్మ తీసి దాచుకుందామని లెన్సును చివరి దాకా తిప్పి, కింద ఎడమ మూలకు గురిపెట్టాను.

చెవి లేదు. కంప్యూటర్లో ఎవరో శుభ్రం చేశారు. అది ఉన్న చోట చక్కగా గడ్డి మొలిపించారు. మరక అనుకున్నారు కాబోలు.

కెమెరా దించాను. అప్పుడే కందకానికి ఇవతల, రోడ్డు వార గడ్డిలో ఒకతను పది పన్నెండు గొర్రెలను తోలుకుని వస్తున్నాడు. నా చేతిలో కెమెరా చూసి ఆగి, గొర్రెలను గబగబా పక్కకు అదిలించసాగాడు.

"బోర్డు తీస్తాండావాక్కా? ఉండు, అడ్డం తప్పుకుంటాం."

"తప్పుకోవాకప్పా," అన్నాను. నా గొంతు నాకే గట్టిగా వినపడింది. "గొర్రెల్ని తోలాకు. ఆడే, బోర్డు పక్కనే నిలబడు."

లెన్సును పద్దెనిమిది దాకా వెనక్కి తిప్పాను.