తువ్వాలు కింద పరీక్ష

హాల్ టికెట్ వెనకాల ఉన్న నియమాలు చదివాక, నేను ఎంబీఏ ప్రవేశ పరీక్షకి వెళ్తున్నానో, జైలుకి వెళ్తున్నానో నాకే అర్థం కాలేదు. బూట్లు వద్దు, చెప్పులే. చొక్కాకి పెద్ద బొత్తాలు ఉండకూడదు. నీళ్ల సీసా తెచ్చుకోవచ్చు గానీ, లోపలున్నవి నీళ్లేనని బయటికి కనపడాలి. గడియారం వద్దు, గొలుసు వద్దు, ఉంగరం వద్దు. మొలతాడు గురించి మాత్రం ఎక్కడా రాయలేదు. రాయని దాని దగ్గరే నేను దొరికిపోయాను.

బరంపురం పొలిమేరల్లో, హైవే పక్కనున్న ఒక కాలేజీలో నా సెంటర్ పడింది. గేటు దగ్గర సెక్యూరిటీ మనిషి ఒంటినిండా మిషను తిప్పుతుంటే నడుం దగ్గర కుయ్యిమంది. ఇదేమిటని ఒడియాలో అడిగాడు. మొలతాడుకి వెండి బిళ్ల ఉంది, మా నాయనమ్మ కట్టించింది. ఆ మాట ఒడియాలో ఎలా చెప్పాలో తెలిసి కూడా, వెనకాల ఆడపిల్లల వరస ఉందని నోరు పెగల్లేదు. చివరికి పక్కకి తీసుకెళ్లి చూసి, నవ్వుకుని వదిలేశాడు. అంత పరువు పోగొట్టుకుని లోపలికి వెళ్తే, కంప్యూటర్ తెరమీద ఒక ఒప్పందం పత్రం కూర్చుని ఉంది.

అందరూ దాన్ని కిందిదాకా జరిపేసి, ఒప్పుకుంటున్నానని టిక్కు పెట్టి చేతులు కట్టుకున్నారు. నాకు టైముంది కదా అని చదివాను. సారాంశం ఏమిటంటే, ఆ ప్రశ్నలు వాళ్ల ఆస్తి. నేను వాటిని నోటితో చెప్పకూడదు, రాసి ఇవ్వకూడదు, ఫోన్లో పంపకూడదు, ఎక్కడా పెట్టకూడదు, ఇంకెవరైనా చెప్తుంటే సాయం కూడా చెయ్యకూడదు. చెప్తే నా మార్కులు రద్దు, మళ్లీ పరీక్ష రాయనివ్వరు, కోర్టు సంగతి తర్వాత చూస్తారు. పరీక్ష ఆ రోజుతో అయిపోదు, మర్నాడు కూడా ఉంది. అందుకే ఈ హడావుడంతా. మర్నాడు రాయాల్సిన వాళ్లలో మా చెల్లి ఒకతి.

చెల్లి అంటే చిన్నాన్న కూతురు. బడా బజార్‌లో మా నాన్న, చిన్నాన్న కలిసి పసుపూ చింతపండూ హోల్‌సేల్ చేస్తారు. కింద కొట్టు, వెనక గోదాం, మీద ఇల్లు. కొట్టు ఇద్దరిదీ అయినా మాటలన్నీ చిన్నాన్నవే. మా నాన్న గుమ్మడికాయంత విషయానికి కూడా తల ఊపి ఊరుకుంటాడు. ఆ చిన్నాన్న కూతురికి పెట్టిన షరతు ఒక్కటే. "ఈ ఒక్కసారి రాసుకో. సీటొస్తే ఎల్లు. రాకపోతే కిందకొచ్చి కొట్లో కూకో." చెల్లికి పసుపు దుమ్ము పడదు. గోదాం తలుపు తీస్తే చాలు, తుమ్మి తుమ్మి కళ్లు ఎర్రబడతాయి. ఆ తుమ్ముల మధ్యే గోదాం మీది గదిలో ఏడాది పొడుగునా చదివింది. ఆ సీటు రాకపోతే తన బతుకంతా ఆ దుమ్ములోనేనని మా ఇంట్లో తనకీ నాకూ తప్ప ఎవరికీ పట్టలేదు.

నేను పరీక్ష రాసి ఇంటికొచ్చేసరికి చిన్నాన్న మెట్ల మీదే కూర్చుని ఉన్నాడు.

"ఒరే, ఏటడిగారు?"

"సెప్పకూడదు చిన్నాన్నా. ఒప్పుకుని రాశాను."

"ఎవుడికి సెప్పకూడదు?"

"ఎవరికీ."

"నేను ఎవుడినేటి? మీ చిన్నాన్నని."

ఫోన్లో ఆ నియమాలు తీసి ఒక్కొక్కటే తెలుగులో చెప్పాను. వ్యాపారంలో వాటా కాగితం వింటున్నట్టు కళ్లు మూసుకుని విన్నాడు. నోటితో వద్దా, వద్దు. రాసి? వద్దు. ఫోన్లో? వద్దు. అప్పుడు కళ్లు తెరిచాడు.

"తువ్వాలు గురించి ఏటైనా రాశారా?"

ఇక్కడ మా బజారు సంగతి కొంచెం చెప్పాలి. కొండల్నుంచి పసుపు దిగినప్పుడు మా వాళ్లు బేరం నోటితో చెయ్యరు. కొనేవాడూ అమ్మేవాడూ పక్కపక్కన కూర్చుంటారు, చేతుల మీద తువ్వాలు కప్పుతారు, దాని కింద వేళ్లు పట్టుకుని రేటు చెప్పుకుంటారు. ఏ వేలు, ఎన్ని వేళ్లు, ఎలా నొక్కాడు అన్నదే భాష. పైన మాత్రం ఇద్దరూ వాన గురించో, మోకాళ్ల నొప్పుల గురించో మాట్లాడుతుంటారు. బేరం నచ్చకపోతే అవతలివాడి వేళ్లు ఒక్కొక్కటే ముడిచి, పిడికిలి చేసి వదిలేస్తారు. అంటే బేరం లేదని. కుదిరినా, కుదరకపోయినా తువ్వాలు కింద మాట మూడోవాడికి చెప్పరు. ఇప్పుడు రేట్లన్నీ ఫోన్లోనే కనిపిస్తున్నాయి కాబట్టి ఈ పద్ధతి చాలామంది మానేశారు. మా చిన్నాన్న మానలేదు. మానితే తనకి బజార్లో పనేమీ మిగలదని నా అనుమానం.

"చివర్న 'ఏ విధంగానూ' అని ఉంది చిన్నాన్నా. తువ్వాలు కూడా అందులోకే వస్తాది."

"ఆ మాట అందరూ రాస్తారు. మన గోదాం అద్దె కాగితంలోనూ ఉంది. ఎవుడు సూశాడు? ఆప్షన్లు నాలుగు. వేళ్లు నాలుగు. బొటనవేలు వదిలీ."

రేపటి ప్రశ్నలు వేరే ఉంటాయని చెప్పాను. నిన్నటి పసుపూ ఇవాల్టి పసుపూ ఒకే కొండదన్నాడు. ప్రశ్నలు లేకుండా ఉత్త జవాబులు ఏం చేసుకుంటుందని అడిగాను. "ముందు జవాబులుంటే ప్రశ్నలు అవే వస్తాయి" అన్నాడు. ముప్పావు బజారు ఈయన తెలివికి భయపడుతుందంటే ఇందుకే కాబోలు. తగువుకి దిగితే తెల్లారినా తెమలదు, చెల్లికి నిద్ర ఉండదు. సరే, ఏదో నాలుగు తప్పుడు నొక్కులు నొక్కి లేచిపోదామనుకున్నాను.

గోదాంలో ఉత్త గోనెసంచి పరిచి నన్నూ చెల్లినీ కూర్చోబెట్టాడు. పసుపు మరకల తువ్వాలు మా చేతుల మీద కప్పాడు. తను ఎదురుగా స్టూలు మీద కూర్చుని, తువ్వాలు వైపు చూస్తూ పిన్నిని టీ పెట్టమన్నాడు. నేను ఒక వేలు కదపబోయేంతలో చెల్లే నా చెయ్యి పట్టుకుంది. చూపుడువేలు ముడిచింది. మధ్యవేలు ముడిచింది. అలా అన్నీ ముడిచి, పిడికిలి చేసి, గట్టిగా మూసింది. బేరం లేదు.

మామూలుగా అయితే అక్కడితో చెయ్యి వదిలెయ్యాలి. తను వదల్లేదు. పిడికిలి అలాగే పట్టుకుని, లోపల లెక్కలేవో చేరుతున్నట్టు పైకి చూస్తూ, మధ్యమధ్యలో తల ఊపింది. రెండు తుమ్ములు కూడా తుమ్మింది. నేనూ తల ఊపాను. టీ వచ్చేసరికి తువ్వాలు తీసింది.

"అయ్యిందా?" అన్నాడు చిన్నాన్న.

"అయ్యింది నాన్నా."

పైకి వెళ్తూ మెట్ల మీద ఆగింది. "అన్నియ్యా, ఇది తువ్వాలు కింద మాట. నాన్నకి సెప్పకు. నువ్వెలాగూ తప్పులే సెప్తావు. నాది నేనే రాసుకుంటాను."

నాకు కొంచెం చివుక్కుమంది. కొంచెం గర్వంగానూ ఉంది.

ఫలితాలు వచ్చినప్పుడు తను చెప్పింది నిజమేనని తేలింది. నాది భువనేశ్వర్‌లో ఒక మామూలు కాలేజీకి సరిపడే స్కోరు. తనది పెద్ద పెద్ద కాలేజీలు పిలిచే స్కోరు. ఆ పూట కుళ్లుకోలేదని చెప్తే అబద్ధం. కుళ్లుకున్నాను, మధ్యాహ్నం భోజనం కూడా సరిగ్గా చెయ్యలేదు, సాయంత్రానికి నా కుళ్లు చూసి నాకే నవ్వొచ్చింది. అంతవరకూ బాగానే ఉంది. చిన్నాన్న స్వీట్ల డబ్బాలు పట్టుకుని బజారంతా తిరగడం మొదలుపెట్టాకే అసలు గొడవ.

స్వీటుతో పాటు కథ కూడా పంచాడు. మా తాతల నాటి తువ్వాలు కంప్యూటర్ని ఎలా ఓడించిందో, ఒకడు రాసొచ్చి ఇంకొకదానికి వేళ్లతో ఎలా అందించాడో, కొట్టు కొట్టుకీ చెప్పాడు. జరగని దొంగతనానికి ఊరంతా తిరిగి దండోరా వేసే తండ్రిని నేను ఇంకెక్కడా చూడలేదు. టీకొట్టు దగ్గర నా వైపు కన్ను గీటేవాళ్లు తయారయ్యారు. గోసాని నువాగాం నుంచి ఎవరో పెద్దమనిషి మా ఇంటికే వచ్చి, వచ్చే ఏడు వాళ్లమ్మాయి రాస్తుందనీ, నా చెయ్యి కొంచెం కావాలనీ అడిగాడు. చెయ్యి అడగడం పెళ్లికి తప్ప విన్లేదు నేను.

నవ్వు అక్కడితో ఆగిపోయింది. ఇంకా ఇంటర్వ్యూలు కాలేదు, సీట్లు ఖాయం కాలేదు. బజార్లో చిన్నాన్న అంటే గిట్టనివాళ్లకేం తక్కువ లేదు. వాళ్లలో ఒక్కడు ఆ పరీక్ష వాళ్లకి ఒక్క మెయిలు కొడితే ఇద్దరి మార్కులూ రద్దు. చెప్పలేదని మేం ఎవరికి రుజువు చూపిస్తాం? ఆయన కథకి బజారంతా సాక్ష్యం. మా నిజానికి ఒక తువ్వాలు. నాకు భయం వేసింది. చెల్లికి భయం కాదు, ఒళ్లు మండిపోయింది. ఏడాది పాటు తుమ్ముతూ చదివిన చదువుని ఆయన తన తువ్వాలు ఖాతాలో వేసేసుకున్నాడు.

"నేను పోయి సెప్పేస్తాను, ఏటీ ఇవ్వలేదని" అన్నాను.

"నోటితో సెప్తే నాన్న నమ్మడు. తువ్వాలు మాట తువ్వాలు కిందే సెప్పాలి" అంది.

మర్నాడు పొద్దున్న కొట్టు ముందు పసుపు బస్తాలు దిగుతున్నాయి. చిన్నాన్న అప్పుడే దళారీతో బేరం ముగించి, తువ్వాలు ఒళ్లో ఉండగానే, చుట్టూ ఉన్న నలుగురికీ మళ్లీ మా కథ ఎత్తుకున్నాడు. అందులో ఎదురు కొట్టు ఒడియా షావుకారు కూడా ఉన్నాడు. చెల్లి మెట్లు దిగొచ్చి వాళ్ల నాన్న పక్కన నిలబడింది. దాని వెనకాలే నేను.

"నాన్నా, ఇప్పుడు పసుపు ఎంతకి కుదిరింది?"

దళారీ పైకప్పు వైపు చూశాడు. నిండు కొట్లో ఎవరూ అడగని మాట అది.

"తువ్వాలు కింద మాట పైకి సెప్తారేటే? మతి పోయిందా నీకు?" అన్నాడు చిన్నాన్న.

"మరి నాది ఎందుకు సెప్తన్నావు?"

చెల్లి తుమ్ముకుంటూ గోనెసంచి మీద కూర్చుని, ఆయన ఒళ్లోని తువ్వాలు లాగి చెయ్యి చాపింది. ఎవరు చెయ్యి చాపినా తన చెయ్యి పెట్టడం ఆయనకి అలవాటు. పెట్టాడు. తువ్వాలు కింద ఏం జరిగిందో ఎవరికీ కనపడలేదు. నాకు మాత్రం తెలుసు. ఒక్కొక్క వేలే ముడుచుకుంటోంది.

పసుపు రేటు పడిపోయినా, లారీ బోల్తా పడినా మారని మొహం మా చిన్నాన్నది. ఆ మొహం మారింది. ముందు కూతురి వైపు చూశాడు. తర్వాత, నిజమేనా అన్నట్టు నా వైపు చూశాడు. నేను మోకాలి పక్కన పిడికిలి మూసి చూపించాను. ఆయన చెయ్యి తియ్యలేదు. బేరం లేదన్నాక చెయ్యి తీసెయ్యాలి, అది ఆయనే మాకు నేర్పాడు. అయినా తియ్యకుండా అలాగే కూర్చున్నాడు. దళారీ దగ్గాడు.

కాసేపటికి తువ్వాలు తీసి, మడతపెట్టి, భుజం మీద వేసుకున్నాడు. ఎదురు కొట్టు షావుకారు ఉండబట్టలేక, మరి ఆ ప్రశ్నల సంగతేమిటి, తర్వాతేమైందని ఒడియాలో అడిగాడు.

చిన్నాన్న ఆయనకి ఒడియాలో ఒకసారి చెప్పాడు. మిగతావాళ్ల కోసం తెలుగులో మళ్లీ చెప్పాడు.

"ప్రశ్నలేటి? నాకేటి తెలుసు? దానిది అదే రాసుకుంది."