వాడి సూది, నా మణికట్టు

ఆ రోజు నాకు వచ్చింది మామూలు జ్వరమే. పెళ్ళివారికి పూతరేకులు అప్పగించాలి. ఒక్క సూది వేయించుకుంటే సాయంత్రానికి కుండ ముందు కూర్చోవచ్చనుకున్నాను. ఆత్రేయపురంలో మా వీధి చివర ఒక ఆర్‌ఎంపీ ఉన్నాడు. అందరూ డాక్టరుగారనే పిలుస్తారు. అప్పటిదాకా నేనూ అలాగే పిలిచాను.

సూది నా కుడి జబ్బ వెనక, బాగా కిందికి దిగింది. బొటనవేలి దాకా కరెంటు కొట్టినట్టయింది. "అమ్మో, తీసెయ్యండి!" అని అరిచాను. "కదలకండమ్మా, అయిపోయింది" అంటూ మందంతా ఎక్కించేశాడు.

ఇంటికొచ్చి చెంబు అందుకోబోతే మణికట్టు వేలాడిపోయింది. వేళ్ళు ముడుచుకుంటున్నాయి గానీ తెరుచుకోవడం లేదు. రేకు తీసే చెయ్యి అది! గుడ్డను పిండినీళ్ళలో ముంచి, బోర్లించిన వేడి కుండ మీద పరిచి లాగి, పొర చిరగకుండా ఎత్తాలంటే పనంతా మణికట్టుదే. మా ఇల్లు నడిచేది దాని మీదే.

మా ఆయన వెళ్ళి అడిగితే ఆ మహానుభావుడు ఏమన్నాడో తెలుసా? "మీ ఆవిడకి బీపీ ఉందండీ. పక్షవాతం వచ్చింది. నా ఇంజెక్షన్‌కేం సంబంధం?"

నాకు బీపీ లేదు. అయినా వీధంతా నన్ను పక్షవాతం మనిషిని చేసేసింది. ఆర్డరిచ్చేవాళ్ళు గుమ్మం దాకా వచ్చి, నా చెయ్యి చూసి, జాలిపడి వెళ్ళిపోయేవారు. వాడి నోరు పడిపోను! ఈ చెయ్యి మళ్ళీ లేస్తే మొదట వాడి చెంప మీదే లేస్తుందని ఒట్టు పెట్టుకున్నాను.

అమలాపురంలో న్యూరాలజిస్టు డాక్టరమ్మ నెర్వ్ కండక్షన్ టెస్టు చేయించారు. "పక్షవాతం కాదమ్మా. సూది వల్ల రేడియల్ నెర్వ్ దెబ్బతింది. దీన్ని రిస్ట్ డ్రాప్ అంటారు" అన్నారు.

"ఆ మాట ఇంకోసారి గట్టిగా చెప్పండి, మా ఆయన కూడా వినాలి" అన్నాను.

నరం మళ్ళీ పెరుగుతుందా అని అడిగాను. "పెరగొచ్చు, కానీ చాలా నెమ్మది. నరకణం మెడ దగ్గర వెన్నుపాములో ఉంటుంది. దాని తీగ, యాక్సాన్, చేతి దాకా వస్తుంది. తీగ చివర పెరగడానికి కావలసిన ప్రోటీన్లన్నీ అంత దూరం నుంచి తయారై రావాలంటే కష్టం. అందుకని కణం కొన్ని ఆర్‌ఎన్‌ఏలను, అంటే తయారీ సూచనలను, మూటగట్టి తీగ వెంట పంపుతుంది. చివర అక్కడికక్కడే ప్రోటీన్ తయారవుతుంది. లోకల్ ట్రాన్స్‌లేషన్ అంటారు."

"మేం చేసేదీ అదేనండీ. రేకులు దూరం పంపితే పొడైపోతాయని పని తెలిసిన మనిషినే పంపేస్తాం. పెళ్ళింట్లోనే పొయ్యి పెట్టి తీస్తుంది."

"ఆయ్, అలాంటిదే" అని నవ్వేరు. "మీ చేతిలో ఆ పొయ్యి వెలగాలి. కొన్ని నెలలు చూద్దాం. కదలిక రాకపోతే ఆపరేషన్."

మణికట్టు వేలాడకుండా ఆసరాగా స్ప్లింట్ కట్టారు. ఫిజియోథెరపీ మొదలైంది. ఊరుకోలేక ఓ రోజు స్ప్లింట్ విప్పి కుండ ముందు కూర్చున్నాను. చెయ్యి వెనకభాగం కుండకి ఆనింది. స్పర్శ లేదు కదా, కాలిన వాసన వస్తే గాని తెలియలేదు. పుండు మానేదాకా వ్యాయామం ఆగిపోయింది. ఆ ఏడుపు కూడా వాడి ఖాతాలోనే వేశాను.

ఫిజియో అమ్మాయి "మణికట్టు పైకి ఎత్తుతున్నట్టు ఊహించుకోండి" అనేది. నేను ఊహించుకునేదాన్ని.

"పళ్ళు నూరుతున్నారేంటండీ, ఏం ఊహించుకుంటున్నారు?"

"చెంపండి."

డాక్టరమ్మ జబ్బ మీద వేలితో తట్టి చూసేవారు. నేను వెళ్ళినప్పుడల్లా జివ్వుమనే చోటు కొంచెం కిందికి జరిగేది. నరం అందాకా వచ్చిందన్నమాట. ఒక ఉదయం మంచం అంచున వేలాడుతున్న మణికట్టు కాస్త కదిలింది. మా ఆయన్ని కేకేసి, ఇద్దరం కూర్చుని ఏడ్చాం.

చెయ్యి నిటారుగా నిలిచాక తిన్నగా వాడి దగ్గరికి వెళ్ళాను. "చూసేరా! తగ్గిపోతుందని నేను ముందే చెప్పేను గదండీ!" అన్నాడు, సిగ్గులేకుండా.

వాడి చెంప చేతికందేంత దూరంలోనే ఉంది. కానీ పక్కన బల్ల మీద ఒకమ్మాయి జాకెట్టు చెయ్యి మడిచి కూర్చుంది. వాడి చేతిలో సూది. నా అరచెయ్యి ఆ సూదికీ ఆ పిల్ల జబ్బకీ మధ్య అడ్డంగా లేచి నిలబడింది.

"ఆగు! నా చెయ్యి పడగొట్టింది ఈ మనిషేనమ్మా, పక్షవాతం కాదు" అన్నాను. ఆ పిల్ల లేచింది. వెనక కూర్చున్నవాళ్ళూ లేచారు.

"నా పొట్ట కొడతారేంటండీ!" అన్నాడు.

"నువ్వు నా పొట్ట కొట్టలేదూ?" అన్నాను.

ఇప్పుడు రేకులు తీస్తున్నాను. చలికి బొటనవేలు ఇంకా మొండికేస్తుంది. వాడి బల్ల ఖాళీగా ఉంటుంది. నాకు పనున్నా లేకపోయినా రోజూ అటే నడిచి వెళ్తాను, చెయ్యి ఊపుకుంటూ.

మీకు నేను చెప్పేది ఒక్కటే. సూది దిగగానే కరెంటు కొట్టినట్టయితే మొహమాటపడకండి, వెంటనే తీసెయ్యమని అరవండి. చెయ్యి పట్టు తప్పితే ఆ రోజే నరాల డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

వాణ్ణి క్షమించేశావా అని వీధిలోవాళ్ళు అడుగుతారు. లేదు. ఆ చెంప ఇంకా అక్కడే ఉంది. నా చెయ్యి రోజురోజుకీ బలపడుతోంది.