పదహారో నంబరు తీగ

1998 జూలై 14, మంగళవారం, ఉదయం పదకొండు గంటల పది నిమిషాలకు నేను పదహారో నంబరు ఇత్తడి తీగ కొన్నాను. ఆ రోజుల్లో ఏ పని చేసినా వేళతో సహా రాసిపెట్టుకునే అలవాటు నాకుండేది. మా వంశంలో మొట్టమొదటి పట్టభద్రురాలిని కనుక రాబోయే తరాల వారికి నా దినచర్య పనికివస్తుందని గట్టిగా నమ్మేదాన్ని. (ఆ డైరీ కావాలని ఇంతవరకు ఎవరూ అడగలేదు.) డిగ్రీతోపాటే నాకు కోపం కూడా వచ్చింది. యారాడలో మా ఇంట్లో ఎవరు దగ్గినా, ఎవరు నవ్వినా, అది నా చదువును చూసే అనిపించేది. పొద్దున్న ఇంట్లో పెట్టుకున్న కోపాన్ని రెండు బస్సులు మారి కంచరపాలెం దాకా చెక్కుచెదరకుండా మోసుకుపోగలిగేదాన్ని.

కంచరపాలెంలో, రైలు పట్టాల పక్కనున్న ఒక అద్దె గదిలో, పన్నెండు మంది ఆడవాళ్లకు రింగుల నగలు అల్లడం నేర్పే తాత్కాలిక ఉద్యోగం నాది. తీగను ఇనుప ఊచ మీద స్ప్రింగులా చుట్టి, రంపంతో కోసి, వచ్చిన రింగులను ఒక్కొక్కదానిలో నాలుగేసి దూర్చుకుంటూ పట్టీలా అల్లాలి. ఆ శుక్రవారం పర్యవేక్షకురాలు వచ్చి, నేను నమూనాగా అల్లిన చేతిపట్టీని పరీక్షిస్తారని కబురు వచ్చింది. నచ్చితే ఉద్యోగం కొనసాగుతుంది, నచ్చకపోతే గదికి తాళం పడుతుంది. శిక్షణ పుస్తకం మాత్రం స్పష్టంగానే చెప్పింది: కొత్తగా నేర్చుకునేవారికి రింగు లోపలి వెడల్పు ఐదు మిల్లీమీటర్లు, తీగ పద్దెనిమిదో నంబరు. అయితే మాది సముద్రం మీద బతికే ఇల్లు. మా ఇంట్లో పుట్టినవారికి దేవుడి భయం కన్నా తాడు తెగే భయం ఎక్కువ. అధికారి చేతికి పెట్టిన నగ తెగితే నా గతేమిటని ఆలోచించి, రింగు కొలత అలాగే ఉంచి, తీగను మాత్రం పదహారో నంబరుకు మార్చాను. (ఈ లెక్కలో నంబరు తగ్గేకొద్దీ తీగ లావవుతుంది.) పుస్తకం రాసినవారికి లేని ముందుచూపు నాకుందని ఆ సాయంత్రం డైరీలో రాసుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం అరుగు మీద కూర్చుని అల్లడం మొదలుపెట్టాను. రింగులు చుట్టి, కోసి ఇచ్చింది మా బావ. స్టీలు ప్లాంటులో కాంట్రాక్టు ఫిట్టరు. పక్కన మా మామ్మ, అంటే నాన్నగారి తల్లి, వెదురు బద్దతో ఒక్కో కన్ను, అంటే వల రంధ్రం, కొలుచుకుంటూ వల అల్లుతోంది. నా చేతిలో నాలుగో వరుస దాటేసరికి పట్టీ వంగడం మానేసింది. బావ దాన్ని అందుకుని ఎండకేసి పట్టి చూశాడు.

"ఏటి మేడంగోరూ, ఇది సేతికేసుకోడానికా, కిటికీకి బిగించడానికా?"

"బావా, నువ్వు రింగులు కొయ్యి. వ్యాఖ్యానం అక్కర్లేదు."

మామ్మ వల పక్కన పెట్టి పట్టీని వేళ్లతో తడిమింది. "కన్ను సిన్నదే ఉంచీసి నూలు లావు సేసేసినావేటే గుంటా? లంగరు తాడుతో వల అల్లితే సేపలు నవ్వుతాయే."

"మామ్మా, ఇది వల కాదు, ఆభరణం. దీనికి పుస్తకం ఉంది."

"పుస్తకంలో ఈ లావు తీగే కొనమన్నాడేటి?"

అలా అనలేదు. అందుకే ఒళ్లు మండింది. రాత్రి అన్నం తినకుండా పడుకున్నాను. (మామ్మ దాచిన చేపల పులుసు మర్నాడు పొద్దున్నే తిన్నాననుకోండి. కోపం వేరు, పులుసు వేరు.)

ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి. మా మామ్మ రోజూ కంచరపాలెం వీధుల్లోనే చేపలమ్మేది. గంప దించి, శిక్షణ గది గుమ్మం దగ్గర కాసేపు నిలబడి, నేను నల్లబల్ల మీద రాయడం చూసి వెళ్లిపోయేది. ఎవరని నా దగ్గర నేర్చుకునేవాళ్లు అడిగితే, "మా ఊరి చేపలావిడ" అని చెప్పాను. ఇకమీదట రావద్దని ఇంటికి వెళ్లి మామ్మకు కూడా చెప్పాను. ఆమె "సరేలే" అని, మర్నాడూ వచ్చింది.

శుక్రవారం పర్యవేక్షకురాలు వచ్చారు. ఇస్త్రీ చీర, కళ్లజోడు, చేతిలో రిజిస్టరు. పట్టీని బల్ల మీద నిలబెడితే నిలబడింది. ఆవిడ కనుబొమలు కూడా నిలబడ్డాయి. నేను పట్టుదలగా దాన్ని ఆవిడ మణికట్టు చుట్టూ వంచి, బలమంతా పెట్టి కొక్కెం తగిలించాను. తగిలింది. తీద్దామంటే రాలేదు. కొక్కెం జారాలంటే పట్టీలో కాస్త వదులుండాలి, నా పట్టీలో వదులన్నది లేదు. సబ్బు రాశాం, కొబ్బరినూనె రాశాం. ఆవిడ చెయ్యి ఎర్రబడింది. బయట గూడ్సు బండి పోతోంది, అది ఎంతకీ పూర్తి కాదు. వెనక బెంచీలో ఎవరో, "రంపం తెత్తే పోద్దేమో" అన్నారు. పన్నెండు మందీ నోటికి కొంగులు అడ్డం పెట్టుకున్నారు. నాకు తీగ మీద కోపం, ఆవిడ మణికట్టు మీద కోపం, చివరికి రైల్వే వారి మీద కూడా కోపం.

అప్పుడు గుమ్మంలోంచి మామ్మ లోపలికి వచ్చింది. చేతులు కొంగుకు తుడుచుకుని, బల్ల మీది పటకార్లు తీసుకుని, ఒక్క రింగు నోరు తెరిచి లాగింది. పట్టీ ఊడి బల్ల మీద పడింది.

"ఎలా తెలిసిందమ్మా నీకు?" అన్నారు పర్యవేక్షకురాలు చెయ్యి రుద్దుకుంటూ.

"కన్నుకి తగ్గ నూలు, నూలుకి తగ్గ కన్ను తల్లీ. ఒకటి మార్సినామంటే రెండోది మార్సాల. మీ పంతులమ్మగోరికి తెల్దా ఏటి, గాబరాలో మర్సిపోనారు." నన్ను ఎన్నడూ చూడనట్టే చెప్పింది.

నా పరువు కాపాడటానికే అలా అంది. కానీ నాకు అదీ ఎగతాళిగానే వినిపించింది. మూడు రోజుల కోపం ఒక్కసారిగా పొంగి, "మామ్మా! ఇక్కడికి రావద్దని నీకెన్నిసార్లు చెప్పాను!" అని అరిచాను.

గూడ్సు బండి అప్పుడే పూర్తయింది. ఆ నిశ్శబ్దంలో ముందు బెంచీ ఆవిడ అంది: "మామ్మేటి? ఊరి సేపలావిడన్నారు కదమ్మా?"

ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది. మామ్మ మాత్రం, "నాను సేపలావిణ్ణే కదేటి, అబద్దమేటుంది" అంటూ గంప వైపు నడిచింది. పర్యవేక్షకురాలు రిజిస్టరు తెరిచి, చక్కని దస్తూరీతో రాశారు: "నమూనా సంతృప్తికరముగా లేదు. వారము గడువు ఇవ్వడమైనది. తీగ మందము విషయమై శిక్షకురాలు తమ నాయనమ్మగారిని సంప్రదించవలెను." కింద నా సంతకం తీసుకున్నారు. పట్టభద్రురాలిని, పూర్తి పేరు రాసి, పక్కన డిగ్రీ కూడా చేర్చాను.

ప్రభుత్వ గ్రాంథికంలో మా మామ్మను 'గారు' అని ప్రస్తావించిన కాగితం అదొక్కటే. రేషను కార్డులోనైతే ఆమె వయసు కూడా తప్పే పడింది. ఇప్పుడు నలుగురికీ నేర్పే వయసు వచ్చాక, ఆ సంతకం పక్కన డిగ్రీ రాసిన అమ్మాయి గుర్తొస్తే, ఆమె మీద కోపం తెచ్చుకోవాలని చూస్తాను. సగం దూరం వెళ్లేసరికి నవ్వు వచ్చేస్తుంది.

మరుసటి శుక్రవారం పద్దెనిమిదో నంబరు తీగతో అల్లిన పట్టీ పర్యవేక్షకురాలి మణికట్టు మీద నీళ్లలా జారింది. ఉద్యోగం నిలిచింది. ఆ తరువాత మామ్మ గంపను గుమ్మం బయట దించి, రోజూ లోపలికి వచ్చి కూర్చునేది. నేను ఆమెను అందరి ముందూ మామ్మా అనే పిలిచేదాన్ని.