మన్ను తిన్న గుడ్డముక్కలు

తొంభైల చివర, ఒక వానాకాలపు పొద్దున కొండాపూర్ చేలకు బయలుదేరాను. నా ఎం.ఎస్సీ. ప్రాజెక్టు మొత్తం అక్కడ మట్టిలో ఉంది. నూలుగుడ్డ అంటే దాదాపు అంతా సెల్యులోజే, చక్కెర అణువులు గొలుసుకట్టుగా అల్లుకున్న పదార్థం. నేలలోని సూక్ష్మజీవులు దాన్ని ఏ కాలంలో ఎంత వేగంగా విరిచి తింటాయో కొలవాలి. వేసవిలో పాతిన ముక్కలు నెల తర్వాత తీస్తే కాస్త రంగు మారాయి, అంతే. వానాకాలం కొలతలు కూడా వస్తే పట్టా చేతికొచ్చినట్టే. పక్కనే ఐటీ మేడలు లేస్తున్నాయి కాబట్టి మరో ఏడాది ఆ నేల దొరుకుతుందన్న ఆశ లేదు.

సికింద్రాబాద్‌లో ఏడు గంటల ప్యాసింజర్ ఎక్కి ఎనిమిది దాటాక లింగంపల్లిలో దిగాను. అక్కడి నుంచి షేర్ ఆటోకు ఐదు రూపాయలు. చేను దగ్గర ఆపమంటే డ్రైవర్ వెనక్కి తిరిగి చూశాడు. "ప్లాటు కొంటున్నరా మేడమ్?"

"కాదండీ, మట్టి తవ్వాలి."

అతను నవ్వి, నన్ను గట్టు దగ్గర దింపి వెళ్లిపోయాడు.

నెల కిందట సాయమ్మ గారి జొన్నచేను గట్టున గుడ్డముక్కలు పాతి, గుర్తుగా నేను నాటిన పుల్లలన్నీ ఉన్నాయి. మొదటి పుల్ల కింద తవ్వితే గుడ్డ లేదు. రెండోదాని కిందా లేదు. ఐదు గుంటలు తవ్వినా ఒక్క ముక్కా దొరకలేదు. గడ్డి కోస్తున్న సాయమ్మ దగ్గరికి పరుగెత్తాను.

"నా గుడ్డముక్కలు ఎవరు తీశారండీ?"

"ఎవరు తీస్తరు బిడ్డా? మన్ను దిన్నది."

ఒళ్లు మండింది నాకు. మాది తెనాలి, ఇక్కడి పలుకుబడి నాకు కొత్త. అది మాట దాటెయ్యడమే అనుకున్నాను. "మన్ను తినడమేమిటండీ, ఎవరో పట్టుకెళ్లారని చెప్పండి" అన్నాను. ఎవరో అన్నానే గానీ, నా చూపు ఆమె తలకు చుట్టుకున్న తెల్లగుడ్డ మీద ఉంది. అది ఆమె గమనించింది.

కొడవలి పక్కన పెట్టి వచ్చి, గుంటలో చేయి పెట్టి మట్టి నలిపి, ఒక నీలం దారం పైకి తీసింది. అంచులు పీచు లేవకుండా నేను వేసిన, సూక్ష్మజీవులు తినలేని టెర్లిన్ కుట్టు అది. నలుచదరంగా కుట్టు ఉంది, మధ్యలో గుడ్డ లేదు. ఆమె ఉన్నమాటే చెప్పింది.

"ఎన్ని దినాలు పెట్టినవ్?"

"నెల."

"ఎండకాలం లెక్కనేనా? పెంటకుప్ప ఎండలకు గట్లనే ఉంటది. రెండు వానలు పడంగనే మెత్తగైతది. జర ముందుగాల్ల అడగొద్దా?"

తడి తగలగానే నేలలో సూక్ష్మజీవుల సమూహాలే మారిపోతాయని పరీక్షలో నాలుగు పేజీలు రాసిన దాన్ని నేను. గడువు మాత్రం మార్చలేదు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. తప్పైపోయిందండీ అన్నాను. సంచిలో మిగిలిన ఆరు ముక్కలు చూపించి, వారం రోజులకు పాతుకోనా అని అడిగాను.

"పాతుకో. గాని బేస్తారం లోపట్నే తీస్కపో. ఆ దినం మిషన్లొస్తయి. అమ్మినం" అని ఆమె మళ్లీ గడ్డికి వంగింది.

గురువారానికి ముందే, ఆరో రోజున తీశాను. సగం తిన్న గుడ్డలు, కావలసిన కొలతలు, అన్నీ దొరికాయి. ఇలాంటి పనిమీద వెళ్లేవాళ్లకు ఒక్కటే చెబుతాను: వానల్లో మూడు రోజులకోసారి తవ్వి చూడండి, పాతేముందే చేను వాళ్లను అడగండి. ఆమెను దొంగగా చూసిన ఆ చూపు నన్నింకా బాధిస్తుంది. ప్రాజెక్టు రిపోర్టులో నేల వివరం దగ్గర "ఎర్ర చెల్క, సాగులో ఉంది" అని రాశాను. నేను రాసేనాటికే అది అబద్ధం.