మెల్లగా పోతే తిరగని పడవ

గార్ల దగ్గరి వాగులో వరద వచ్చినప్పుడు పడవ నడిపే నవీద్‌కు చాయ్ తాగేటప్పుడు కూడా ఎడమచేయి ఊరుకోదు. కనపడని పిడినేదో అటూ ఇటూ తిప్పుతుంటుంది. "చాయ్ తాగుతున్నవా, పడవ తోలుతున్నవా?" అంటుంది భార్య గజాలా. అతని కొత్త పడవ ఇంజిన్‌కు నీళ్లలో తిరిగే రెక్కలు లేవు. నీళ్లు పీల్చి వెనక్కి చిమ్ముతుంది. పడవను నెట్టేదీ తిప్పేదీ ఆ ధారే. రాళ్లున్న లోతు తక్కువ నీళ్లలో బాగానే పోతుంది గానీ, వేగం తగ్గిస్తే ధార పలచబడి పిడి మాట వినదు. ఒడ్డు దగ్గర నెమ్మదించడమే అలవాటైన నవీద్‌కు ఇది ఎంతకీ అంతుపట్టదు.

మొన్నటి వరదలో మోతీబాయి అనే తండా ముసలామె పొలంలో మోటారు గది కప్పు మీద చిక్కుకుంది. అల తగిలితే పాత గోడ కూలుతుందని నవీద్ వేగం తగ్గించాడు. పడవ పక్కకు జారి ఆమెను దాటిపోయింది. రెండోసారీ అంతే. "నన్నిడిసి ఏడికి పోతున్నవ్ కొడుకా?" అని ఆమె ఏడ్చింది. ఈసారి నవీద్ ప్రవాహానికి ఎదురొచ్చి, ఇంజిన్ తగ్గించకుండానే పడవను పట్టి ఉంచాడు. ధార ముందుకు నెట్టేదీ వాగు వెనక్కి నెట్టేదీ సమానమై పడవ కప్పు పక్కన నిలిచింది. ఆమె పడవలోకి దిగింది.

వరద తగ్గాక ధార వచ్చే మూతికి ఇరువైపులా ఇనుప రేకులు బిగించి, చెరువులో మెల్లగా నడిపి చూశాడు. పడవ కొంచెం తిరిగింది. ఒడ్డున నిలబడ్డ మోతీబాయి, "మంచిగైందా?" అని అడిగింది.

"రేకులు తిప్పినయో, గాలి తిప్పిందో సమజైతలేదవ్వా."

"అయితె ఇంకోపారి తిప్పు," అంటూ ఆమె చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టి పడవెక్కి కూర్చుంది.